మిర్చి ఫైళ్ల తిప్పలు: ఫర్ లూపా, ఫైండా, ఆకా, లేకపోతే సీదా పైథానా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ల మా చిన్నాయినకు అడ్తి దుకాణం ఉంది. జనవరి ఫిబ్రవరి వచ్చిందంటే మిర్చి బస్తాలతోని నడవనీకి తొవ్వ సుత ఉండదు. కాంటా కాడ ఒక పాత విండోస్ కంప్యూటర్ పెట్టిండ్రు, అది రోజుకు ఒక్కో రకానికి ఒక్కో సీఎస్‌వీ ఫైల్ (గడులకు నడుమ కామాలు పెట్టిన ఉత్త టెక్స్ట్ ఫైల్) పడేస్తది, తేజ, వండర్ హాట్, 341, దీపిక, టమాట ఇట్ల (టమాట అంటే చపాటా, 2025ల జీఐ ట్యాగ్ వచ్చింది గదా, అదే). రాత్రికి ఆ ఫైళ్లన్నీ హన్మకొండల నా లైనక్స్ ల్యాప్‌టాప్ కి వస్తయ్, ఏ రైతుకు ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఎంత ధర పలికింది, మొత్తం ఎంత అని లెక్క కట్టి పొద్దుగాల ఏడింటి లోపల చిన్నాయిన ఫోన్ల పడాలె. మూడు సీజన్ల సంది ఈ పని మొత్తం షెల్ స్క్రిప్టుల మీదనే నడిచింది (షెల్ అంటే టైప్ కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం, అవే కమాండ్లు ఫైల్ల రాసి పెడ్తే స్క్రిప్ట్).

ఈసారి మా పిన్ని కొడుకుకు అప్పజెప్తున్న, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హుషారు పోరడే. వాడు అడిగేది "అన్నా ఇది పనిచేస్తలేదు" అని కాదు, "అన్నా ఒకటే పనికి నాలుగు తొవ్వలు కనపడ్తున్నయ్, ఏది పట్టుకోవాలె" అని. నిజంగ షెల్ తోని అసలు పరేషాన్ గదే, ప్రతి పనికి ఐదు రకాల జవాబులు దొరుకుతయ్, ఐదూ మన దగ్గర మొదటిరోజు పనిచేస్తయ్, పదో రోజు మూడు పడిపోతయ్. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్న. కమాండ్లు తెలుగు అక్షరాలల్లనే రాసిన, టైప్ కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాలే, క్యాపిటల్ అని చెప్పిన కాడ తప్ప.

ఫైళ్ల మీద తిరగాలంటే

మొదటి దెబ్బ వండర్ హాట్ తోనే తగిలింది. తేజ ఒక్క ముక్క, 341 ఒక్క ముక్క, వండర్ హాట్ మాత్రం రెండు ముక్కలు, మధ్యల ఖాళీ. తమ్ముడు ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) ఔట్‌పుట్ ని డాలర్ బ్రాకెట్ల పెట్టి దాని మీద ఫర్ లూప్ తిప్పిండు. షెల్ ఆ ఔట్‌పుట్ ని ఖాళీ కనపడ్డ కాడల్లా నరుకుతది, అంటే 'వండర్' అని ఒక ఫైల్, 'హాట్.సీఎస్‌వీ' అని ఇంకో ఫైల్ ఉన్నయనుకొని వెతుక్కుంటది, రెండూ దొరకయి, ఎర్రర్ ఇస్తది. ఆ ఎర్రర్ లాగ్ ఫైల్ల పడ్డది, పొద్దుగాల లాగ్ ఎవ్వలు చూస్తరు? వండర్ హాట్ తెచ్చిన తొమ్మిది మంది రైతుల లెక్క మొత్తానికే రాలే, చిన్నాయిన పొద్దున్నే ఫోన్ చేసి ఏమన్నడో ఇక్కడ రాయలేను.

సరే, ఏది ఎప్పుడు? ఒక్క ఫోల్డర్ల ఉన్న ఫైళ్లయితే ఇంకేం ఆలోచించకుండ ఫర్ ఎఫ్ ఇన్ *.సీఎస్‌వీ అని స్టార్ మీదనే తిప్పుండ్రి. మధ్యల ఎల్ఎస్ ఎందుకు? స్టార్ ని షెల్ తనే విప్పుతది, విప్పినంక ఒక్కో పేరు ఒక్కో ముక్కగనే ఉంటది, పేర్ల ఎన్ని ఖాళీలున్నా నరకదు. కాని లూప్ లోపల $ఎఫ్ ని డబుల్ కోట్స్ ల పెట్టకపోతే మళ్ల నరుకుడే, ఇది నేను వాడికి రోజుకు రెండుసార్లు చెప్తున్న. ఇంకోటి, ఆదివారం మార్కెట్ బంద్, ఫోల్డర్ల ఒక్క ఫైల్ సుత ఉండదు, అప్పుడు బాష్ (మేం వాడే షెల్) ఆ స్టార్ ని అట్లనే వదిలేసి '*.సీఎస్‌వీ' అనే పేరుతోని ఒకసారి లూప్ తిరుగుతది. దీనికి నల్‌గ్లాబ్ (ఏం దొరకకపోతే స్టార్ ని ఖాళీ చేసే సెట్టింగ్) ఆన్ చేసుకోవచ్చు, లేదంటే లూప్ మొదట్లనే ఫైల్ ఉందా లేదా అని మైనస్ ఈ తోని అడగొచ్చు. నేను అడుగుడే చేస్త, నల్‌గ్లాబ్ ఆన్ చేసి మర్చిపోతే మళ్ల ఇంకో కాడ ఎల్ఎస్ కి స్టార్ ఇచ్చినప్పుడు అది ఖాళీ అయి ఫోల్డర్ మొత్తం చూపిస్తది, అదొక తలనొప్పి.

ఫోల్డర్ల లోపల ఫోల్డర్లుంటే, అంటే సంవత్సరం, నెల, తారీఖు అని పేర్చి పెట్టుకుంటే, ఫైండ్ తప్ప వేరేది వద్దు. బాష్ ల రెండు స్టార్ల గ్లాబ్‌స్టార్ (లోపలి ఫోల్డర్లల్లకు సుత పోయేది) ఉంది నిజమే, కాని పాత ఫైళ్లు, పెద్ద ఫైళ్లు, నిన్న మారిన ఫైళ్లు అని ఏరుకోవాలంటే దానితోని కాదు. ఫైండ్ తోని మైనస్ ఎగ్జెక్ వాడినప్పుడు చివర సెమీకోలన్ పెట్టాల్నా ప్లస్ పెట్టాల్నా అని అందరికీ డౌటే. సెమీకోలన్ పెడ్తే ఫైల్ కి ఒకసారి ప్రోగ్రాం లేచి పడుకుంటది, ప్లస్ పెడ్తే పట్టినన్ని ఫైళ్లు గంపగుత్తగ ఒకటేసారి ఇస్తది. గ్రెప్ (మాట వెతికేది), సీమోడ్ (పర్మిషన్లు మార్చేది) లాంటివి ఎన్ని ఫైళ్లిచ్చినా తీసుకుంటయ్, వాటికి ప్లస్. ఒక్క ఫైల్ మాత్రమే తీసుకొని ఒక్క ఔట్‌పుట్ ఇచ్చే ప్రోగ్రాంకి సెమీకోలన్.

మరి ఎక్స్‌ఆర్గ్స్ (వచ్చిన పేర్ల లిస్ట్ ని ఇంకో కమాండ్ కి అందించేది) ఎందుకు అంటే, ఒకటే కారణం నా దృష్టిల, మైనస్ క్యాపిటల్ పీ. నాలుగు కోర్లున్న మిషిన్ల నాలుగు పనులు ఒకేసారి నడిపిస్తది. అది అవసరం లేకపోతే ఫైండ్ మైనస్ ఎగ్జెక్ ప్లస్ చాలు. ఎక్స్‌ఆర్గ్స్ వాడితే మాత్రం ఫైండ్ కి మైనస్ ప్రింట్ జీరో, ఎక్స్‌ఆర్గ్స్ కి మైనస్ జీరో, ఈ రెండూ జంటగ ఉండాల్సిందే. లేకపోతే అది ఖాళీల కాడ నరుకుడే కాదు, పేర్ల ఒక సింగిల్ కోట్ ఉన్నా జత దొరకలేదని ఆగిపోతది. జీరోనే ఎందుకు అంటే యూనిక్స్ ల ఫైల్ పేరుల రెండే రెండు రావొద్దు, ఒకటి స్లాష్, ఇంకోటి నల్ బైట్, మిగతా ఏదైనా రావొచ్చు, కొత్త లైన్ సుత. స్లాష్ దారిల ఎట్లైనా వస్తది కాబట్టి పేరుకు పేరుకు నడుమ గట్టు ఏసేతందుకు నల్ ఒక్కటే మిగిలింది. చాన ఏండ్లు ఇది గ్నూ, బీఎస్‌డీ వాళ్ల (ఈ కమాండ్లను ఎవరికి వారు రాసుకున్నోళ్లు) సొంత సదుపాయం లెక్కనే ఉండె, 2024ల పోసిక్స్ (యూనిక్స్ తీరు సిస్టమ్లకు ఉమ్మడి నియమాలు) స్టాండర్డ్ ల చేరింది.

ఇక్కడనే ఇంకో ఎర్రర్ గురించి, "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్". సీజన్ అయిపోయినంక పాత ఫైళ్లు తుడుద్దామని ఆర్ఎం కి స్టార్ ఇస్తే వస్తది. స్టార్ తప్పు కాదు అది, ఆర్ఎం తప్పు సుత కాదు, కొత్త ప్రోగ్రాం లేపేటప్పుడు దానికి ఇచ్చే మాటల మొత్తం సైజుకు కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) ఒక హద్దు పెడ్తది, లైనక్స్ ల మామూలుగ 2 ఎంబీ దగ్గర. ఫర్ లూప్ షెల్ లోపలిదే కాబట్టి దానికి ఈ హద్దు తగలదు, అదే స్టార్ తోని లూప్ మంచిగ తిరుగుతది. అంటే లక్ష ఫైళ్లున్నప్పుడు రెండు తొవ్వలు, ఫర్ లూప్ ల ఒక్కొక్కటి (నడుస్తది కాని నిదానం), ఫైండ్ మైనస్ డిలీట్ (ఒక్క దెబ్బకు). తుడుసుడుకైతే రెండోదే, కాని ముందు డిలీట్ తీసేసి ఒకసారి ఉత్తగ నడిపి పేర్లు కండ్లతోని చూసుకోండ్రి. మైనస్ డిలీట్ ని తప్పిపోయి షరతుల కంటే ముందట రాస్తే ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంట ముందు తుడిచేసి తర్వాత షరతు చూస్తది!

వైల్ రీడ్ ఎప్పుడు

ఇది ఫైళ్ల మీద తిరుగుడు కోసం కాదు, లైన్ల మీద తిరుగుడు కోసం. ఇది వాడాలంటే ముందట ఐఎఫ్ఎస్ (లైన్ ని ఏ గుర్తు కాడ నరకాలో చెప్పే వేరియబుల్, ఇది క్యాపిటల్ అక్షరాలల్ల) కి ఖాళీ విలువ ఇచ్చి, రీడ్ కి మైనస్ ఆర్ పెట్టుండ్రి, లేకపోతే లైన్ ముందు వెనక ఖాళీలు పోతయ్, బ్యాక్‌స్లాష్ లు మాయమైతయ్. ఇది అందరూ చెప్తరు. చెప్పనిది ఏందంటే, గ్రెప్ ఔట్‌పుట్ ని పైప్ చేసి (నేరుగ ఇంకోదానికి అందించి) వైల్ రీడ్ ల మొత్తం కూడితే లూప్ అయిపోయినంక మొత్తం సున్నా చూపిస్తది. బాష్ ల పైప్ తర్వాతి లూప్ వేరే పిల్ల షెల్ల నడుస్తది, అండ్ల కూడిన లెక్క ఆ పిల్ల షెల్ తోనే పోతది. తమ్ముడు దీని మీద ఒక పూట మొత్తం పెట్టిండు, లోపల ప్రింట్ చేస్తే మంచిగనే కనపడ్తది, బయట సున్నా, దయ్యం పట్టిందనుకున్నడు పాపం. డన్ తర్వాత చిన్న గుర్తు < పెట్టి ఫైల్ ని అటు నుంచి ఇస్తే లూప్ మన షెల్లనే నడుస్తది, కమాండ్ ఔట్‌పుట్ అయితే <( ) వాడాలె, కాని ఇది బాష్, జెడ్ఎస్‌హెచ్, కేఎస్‌హెచ్ లల్లనే ఉంటది.

ఇంకో పాడు సంగతి, లూప్ లోపల ఎస్ఎస్‌హెచ్ (దూరం ఉన్న మిషిన్ల కమాండ్ నడిపేది) ఉంటే మొదటి లైన్ తోనే లూప్ ఖతం. మిగతా లైన్లన్నీ ఎస్ఎస్‌హెచ్ తన ఇన్‌పుట్ అనుకొని మింగుతది. ఎస్ఎస్‌హెచ్ కి మైనస్ ఎన్ పెడ్తే చాలు.

అయినా నా మాట, లైన్ల మీద లెక్క కట్టాలంటే వైల్ రీడ్ వద్దే వద్దు. లైన్ కి ఒకసారి ఏదన్న పని బయట చేయాలె, మెసేజ్ పంపాలె, ఫైల్ కాపీ కొట్టాలె అంటే వైల్ రీడ్. ఉత్త లెక్కకైతే ఆక్ (లైన్ ని గడులు చేసి లెక్క కట్టే చిన్న భాష). మా పాత స్క్రిప్ట్ సీజన్ మొత్తం 40 వేల లైన్లకు, లైన్ కి మూడు నాలుగుసార్లు కట్ (ఒక గడి కోసి ఇచ్చే కమాండ్) పిలుసుకుంట, నాలుగు నిమిషాలు పట్టేది. ప్రతి కట్ కి ఒక కొత్త ప్రోసెస్ లేవాలె గదా, పని కంటే లేసుడే ఎక్కువ. అదే ఆక్ తోని రాస్తే చాయ్ గ్లాస్ చేతికి తీసుకునే లోపల అయిపోయింది.

గ్రెప్, కట్, సెడ్, ఆక్: ఎవరి పని వారిది

ఇవి ఒకదానికొకటి పోటీ అనుకుంటరు గాని ఒకే ఇంట్ల పుట్టినయే, బెల్ ల్యాబ్స్ ల. కెన్ థాంప్సన్ గ్రెప్ ని పాత ఈడీ ఎడిటర్ ల ఉన్న ఒక కమాండ్ నుంచి తీసిండు, సెడ్ సుత ఆ ఈడీ రక్తమే, ఆక్ 1977ల ముగ్గురు కలిసి చేసిండ్రు, ఆహో, వైన్‌బెర్గర్, కెర్నిఘన్, వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు.

లైన్ ఉందా లేదా, ఏ ఫైల్ల ఉంది అంటే గ్రెప్, అంతే. మామూలు మాట వెతుకుతుంటే మైనస్ క్యాపిటల్ ఎఫ్ పెట్టుండ్రి, చుక్క, స్టార్ లాంటివి ఉన్నా ఉన్నది ఉన్నట్టు వెతుకుతది. లైన్ల ఒక మాట తీసి ఇంకో మాట పెట్టాలంటే సెడ్. దారులు మార్చేటప్పుడు స్లాష్ బదులు # గుర్తుతోని విడగొట్టుకుంటే కండ్లు నొవ్వవు. కట్ మాత్రం నిజంగ చిన్న కత్తి, కామాకో ట్యాబ్ కో కచ్చితంగ విడగొట్టిన ఫైల్ అయితే మంచిగ కోస్తది, కాని డీఎఫ్ (డిస్క్ ల జాగ చూపేది), పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాంలు చూపేది) ఔట్‌పుట్ల ఖాళీలు రెండు, ఏడు, మూడు అని ఇష్టమొచ్చినట్టు ఉంటయ్, కట్ ప్రతి ఖాళీని ఒక గడి అనుకుంటది. ఆక్ వరుస ఖాళీలన్నీ కలిపి ఒకటే అనుకుంటది. ఇంకా కట్ కి మూడో గడి ముందు ఒకటో గడి తర్వాత కావాలని మైనస్ ఎఫ్ కి 3,1 అని ఇస్తే ఒకటి ముందు మూడు తర్వాతనే ఇస్తది, వరుస మార్చుడు దానికి రాదు.

ఆక్ ల నాకు నచ్చింది దాని పట్టిక (ఇంగ్లీష్ ల అర్రే), రైతు పేరు గడిల రాసి బరువు కలుపుకుంట పోతే ఫైల్ చివరికి రైతు వారీగ మొత్తం తయారు. ఒక జాగ్రత్త, పేరు మీద కలపకుండ్రి, ఒకే ఊర్ల ఒకే పేరుతోని ఇద్దరుంటరు, మాకు నర్సంపేట దిక్కు ఒక ఊరి నుంచి ముగ్గురు కుమారస్వాములు వస్తరు. తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) నంబర్ మీద కలపాలె.

ఇప్పుడు ఆక్ ఎక్కడ మోసం చేస్తది అంటే, మొత్తం రూపాయల గడి కాడ. ఆ కాంటా సాఫ్ట్‌వేర్ పెద్ద మొత్తాన్ని "1,45,300" అని డబుల్ కోట్స్ ల కామాలతోని రాస్తది. ఆక్ కి కామా మీద విడగొట్టమంటే ఆ ఒక్క గడిని మూడు గడులు చేస్తది, 1 ఒక కాడ, 45 ఒక కాడ, 300 ఒక కాడ. ఇంకా ఘోరం ఏందంటే 950 అని చిన్న మొత్తం ఉన్న లైన్ల కోట్స్ ఉండయి, కామా ఉండదు, అవి మంచిగ వస్తయ్, అంటే చిన్న రైతుల లెక్క సరిగ్గ, పెద్ద రైతుల లెక్క తప్పు. దీనికి మూడు తొవ్వలు. ఒకటి, కాంటా సాఫ్ట్‌వేర్ ల సెట్టింగ్ మార్చి ట్యాబ్ తోని విడగొట్టమని చెప్పుడు, కుదిరితే ఇదే బెస్ట్, రోగం పుట్టిన కాడనే మందు. రెండు, గాక్ (గ్నూ వాళ్ల ఆక్) 5.3 నుంచి సీఎస్‌వీ అనే ఆప్షన్ వచ్చింది, కోట్స్ ని అర్థం చేసుకుంటది, కాని పాత డిస్ట్రోల పాత గాక్ ఉంటది, ఉబుంటుల అయితే డీఫాల్ట్ గ గాక్ సుత కాదు, మాక్ (ఆక్ ల ఇంకో రకం, మ్యాక్ కంప్యూటర్ కాదు) వస్తది. మూడు, పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్. మాకు మొదటిది కుదరలే, రెండోది తమ్ముడి ల్యాప్‌టాప్ ల పనిచేసి నా దాంట్ల పనిచేయలే, మూడోదే ఖాయం చేసినం.

ఎనిమిదో తారీఖు రోగం

ఇది మాత్రం నిదానంగ చెప్త, ఎందుకంటే ఇది ఎవ్వరికైనా తగుల్తది, తగిలినంక రెండు రోజులల్ల దానంతట అదే పోతది, అందుకే దొరకదు. ఫిబ్రవరి 2 నుంచి 7 దాకా మా స్క్రిప్ట్ మంచిగ నడిచింది. 8 నాడు రాత్రి పడిపోయింది, 9 నాడు సుత పడిపోయింది. 10 నాడు మళ్ల మంచిగైంది. నేను ఆ రెండు రోజులు నెట్‌వర్క్ అనుకున్న, డిస్క్ అనుకున్న, కరెంట్ అనుకున్న, చిన్నాయిన అయితే శని అన్నడు.

సంగతేందంటే, నిన్నటి తారీఖు కావాలని డేట్ కమాండ్ నుంచి రోజు తీసుకొని అండ్ల నుంచి ఒకటి తీసేస్తున్న. డేట్ ఇచ్చేది 08 అని, ముందట సున్నా పెట్టి. బాష్ లెక్కలల్ల ముందట సున్నా ఉంటే అది ఎనిమిది బేస్ లెక్క, అంటే ఆక్టల్. ఆక్టల్ ల 0 నుంచి 7 దాకనే అంకెలు, 8, 9 లేనే లేవు. 01 నుంచి 07 దాకా ఏ బేస్ ల చూసినా అదే విలువ, కాబట్టి తప్పు కనపడదు. 08, 09 కాడ "వాల్యూ టూ గ్రేట్ ఫర్ బేస్" అని ఆగిపోతది. 10 నుంచి ముందట సున్నా ఉండదు, మళ్ల మంచిగ. నెలకు రెండే రోజుల జ్వరం. (ఒకటో తారీఖు నుంచి ఒకటి తీస్తే సున్నా వస్తది, అది ఇంకో తప్పు, అది సుత ఉండె.)

మందులు మూడున్నయ్. వేరియబుల్ ముందట 10# పెడ్తే పది బేస్ అని బాష్ కి చెప్పినట్టు, కాని డ్యాష్ (ఇంకో చిన్న షెల్) ల పనిచేయదు. డేట్ కి పర్సెంట్ తర్వాత మైనస్ పెడ్తే సున్నా లేకుంట ఇస్తది. మూడోది, నేను ఇప్పుడు చేసేది, తారీఖుల లెక్క మనం కట్టనే కట్టొద్దు, గ్నూ డేట్ కి మైనస్ డీ తోని యెస్టర్‌డే అని ఇస్తే నెల, సంవత్సరం, లీపు అన్నీ అదే చూసుకుంటది. మ్యాక్ ల మాత్రం మైనస్ వీ వేరే పద్ధతి. ఆక్ కి ఈ రోగం లేదు, ఫైల్ల 08 ఉన్నా ఎనిమిదే అనుకుంటది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి, బాష్ కి దశాంశాలు రావు. 3.45 క్వింటాళ్లు అని ఇస్తే ఎర్రర్. ఆక్ తోని కట్టొచ్చు, బీసీ (కమాండ్ తీరు కాల్కులేటర్) తోని కట్టొచ్చు. ఒకటి రెండు గుణకారాలైతే బీసీ, దశాంశాల్ల కచ్చితం, కాని స్కేల్ (చుక్క తర్వాత ఎన్ని అంకెలు అని) చెప్పకపోతే భాగించేటప్పుడు చుక్క తర్వాత మొత్తం కోసి పారేస్తది, గుణించేటప్పుడు సుత చివరి అంకెలు పోవచ్చు. ఫైల్ మొత్తానికైతే ఆక్. పైసల కాడ తేడా రావద్దంటే మొదట్లనే రూపాయల్ని పైసలు చేసుకొని పూర్తి సంఖ్యలతోని కూడుండ్రి.

విండోస్ నుంచి వచ్చిన ఫైల్

తేజ అని రాసున్న లైన్ ని తేజ తోని పోల్చినా సమానం కాదంటది. క్యాట్ మైనస్ క్యాపిటల్ ఏ పెట్టి చూస్తే లైన్ చివర టోపీ గుర్తు, పక్కన పెద్ద ఎమ్. విండోస్ లైన్ చివర రెండు అక్షరాలు పెడ్తది, యూనిక్స్ ఒకటే చూస్తది, మిగిలిన ఆ ఒక్కటి చివరి గడికి అతుక్కుంటది. టీఆర్ (అక్షరాలు మార్చే, తీసేసే కమాండ్) మైనస్ డీ తోని తీసెయ్యాల్నా, డాస్‌టుయూనిక్స్ పెట్టాల్నా అంటే, ఫైల్ వచ్చిన వెంటనే మొదటి పనిగ టీఆర్, అది ప్రతి మిషిన్ల ఉంటది, ఇన్‌స్టాల్ లొల్లి లేదు. ఎక్సెల్ నుంచి వస్తే ఫైల్ మొదట్ల కనపడని మూడు బైట్ల బీఓఎం (ఇది యూనికోడ్ ఫైల్ అని చెప్పే గుర్తు) సుత ఉండొచ్చు, దానికి టీఆర్ కాదు, సెడ్ తోని మొదటి లైన్ల తీసెయ్యాలె, డాస్‌టుయూనిక్స్ అయితే రెండూ చూసుకుంటది.

తెలుగు పేర్లు

వరంగల్ అనే మాట తీసుకుందాం. మనకు నాలుగు అక్షరాలు, వ, రం, గ, ల్. యూనికోడ్ కి ఆరు, సున్న ఒకటి, ల కింద పొల్లు ఒకటి వేరేగ లెక్క. యూటీఎఫ్-8 (యూనికోడ్ ని బైట్లల్ల రాసే పద్ధతి) ల ప్రతిదానికి మూడు బైట్లు, మొత్తం 18. డబ్ల్యూసీ (లెక్కపెట్టే కమాండ్) కి మైనస్ సీ పెడ్తే 18 (ఎకో తోని పంపితే కొత్త లైన్ కలిసి 19), మైనస్ ఎమ్ పెడ్తే 6. గాక్ యూటీఎఫ్ లొకేల్ ల 6 అంటది, మాక్ 18 అంటది. నాలుగు అని చెప్పేది అండ్ల ఒక్కటి సుత లేదు. చాన డిస్ట్రోల గ్నూ కట్ ని మైనస్ సీ తోని పది అక్షరాలు కొయ్యమంటే పది బైట్లు కోస్తది, యూనికోడ్ లెక్కల నాలుగో అక్షరం మధ్యల తెగి వాట్సాప్ ల డబ్బా గుర్తు వస్తది. కాబట్టి తెలుగు పేర్లను పొడుగు చూసి కొయ్యకుండ్రి, కామా, ట్యాబ్ గడులతోనే పట్టుకోండ్రి, ప్రింట్ఎఫ్ తోని వరుసలు తిన్నగ పేర్చాలనే ఆశ వదులుకోండ్రి. గ్రెప్ తోని పూర్తి పేరు వెతుకుడు మాత్రం బేఫికర్, బైట్లు సరిపోతే చాలు.

ఎస్‌హెచ్ ఆ, బాష్ ఆ

ఫైల్ మొదటి లైన్ల బిన్ ఎస్‌హెచ్ అని రాసి లోపల బాష్ వేషాలు వేయొద్దు. ఉబుంటుల 2006 నుంచి (6.10 వెర్షన్) ఎస్‌హెచ్ అంటే డ్యాష్, దానికి [[ (షరతు చూసే బాష్ పద్ధతి) తెలవదు, పట్టికలు తెలవదు. మొదటి లైన్ల బాష్ అని సక్కగ రాసినా, ఎస్‌హెచ్ ముందు పెట్టి స్క్రిప్ట్ నడిపిస్తే ఆ లైన్ ఒట్టి కామెంటే. మ్యాక్ ల బాష్ ఉంది కాని 3.2, లైసెన్స్ మారినంక యాపిల్ వాళ్లు ముందటికి పోలే, 2019 కాటలీనా నుంచి డీఫాల్ట్ జెడ్ఎస్‌హెచ్. పేరుతోని పిలిచే పట్టికలు బాష్ 4ల వచ్చినయ్, మ్యాక్ బాష్ ల ఉండయి. నా పద్ధతి, మన మిషిన్లకే అయితే బాష్ అని రాసి [[ వాడుకో, ఖాళీ వేరియబుల్ వచ్చినా కింద మీద పడదు. రూటర్ లాంటి చిన్న డబ్బాలకు, ఆల్పైన్ కంటైనర్లకు అయితే ఎస్‌హెచ్ తోని, [ తోని, కోట్స్ అస్సలు మరువకుండ. ఏది రాసినా షెల్‌చెక్ తోని ఒకసారి చూపించుండ్రి, నేను ఇక్కడ చెప్పిన దాంట్ల సగం అదే పట్టి చెప్తది, ఉచితం.

ఫైల్ ని అక్కడికక్కడే మార్చుడు

సార్ట్ చేసి అదే ఫైల్లకు > తోని పంపితే ఫైల్ ఖాళీ. సార్ట్ చదివే ముందే షెల్ ఆ ఫైల్ ని తెరిచి తుడిచి పెడ్తది. రెండు వందల మంది రైతుల ఫోన్ నంబర్లు ఇట్లనే పోగొట్టిన, మళ్ల తక్‌పట్టీల కట్టలు ముందటేసుకొని రెండు రాత్రులు కూసొని ఎక్కిచ్చిన. సార్ట్ కైతే మైనస్ ఓ ఉంది, అదే ఫైల్ ఇచ్చినా పర్లేదు. సెడ్ కి మైనస్ ఐ ఉంది, కాని గ్నూల ఒక తీరు, మ్యాక్ ల ఇంకో తీరు, అక్కడ దాని తర్వాత బ్యాకప్ పేరుకు ఒక ఖాళీ కోట్స్ అన్నా ఇవ్వాలె. రెండు మిషిన్ల నడవాలంటే టెంపరరీ ఫైల్ల రాసి, && పెట్టి, ఎంవీ తోని పేరు మార్చుడే మంచిగ.

క్రాన్ ఆ, సిస్టమ్‌డీ టైమర్ ఆ

చెప్పిన టైంకు పని దానంతట అదే నడవాలంటే ఈ రెండున్నయ్. ఎప్పుడూ ఆన్ ఉండే సర్వర్ అయితే క్రాన్, ఒక్క లైన్ పని. ల్యాప్‌టాప్ అయితే టైమర్. నా ల్యాప్‌టాప్ రాత్రి ఒక్కోసారి బంద్ ఉంటది, క్రాన్ ఆ టైం పోతే పోయిందంటది, టైమర్ ల పర్సిస్టెంట్ ట్రూ పెడ్తే పొద్దుగాల ఆన్ చేయంగనే మిస్సైన పని నడుపుతది. లాగ్ సుత జర్నల్ల దొరుకుతది. క్రాన్ వాడితే రెండు గుర్తు పెట్టుకోండ్రి. పాత్ (ప్రోగ్రాంలు వెతికే ఫోల్డర్ల లిస్ట్) చిన్నగ ఉంటది కాబట్టి టెర్మినల్ల నడిచింది అక్కడ దొరకదు, ఇంకా క్రాన్ లైన్ల పర్సెంట్ గుర్తు వస్తే దాన్ని కొత్త లైన్ అనుకుంటది, తారీఖు పెట్టి ఫైల్ పేరు చేసే ప్రతి ఒక్కరికీ తగిలే దెబ్బ ఇది, ముందట బ్యాక్‌స్లాష్ పెట్టాలె. లేకపోతే అదంతా స్క్రిప్ట్ ల పెట్టి క్రాన్ ల స్క్రిప్ట్ పేరు మాత్రం రాయుండ్రి.

సెట్ మైనస్ ఈ (ఏ కమాండ్ పడిపోయినా స్క్రిప్ట్ ఆగాలె అని) పెట్టాల్నా వద్దా అని కొట్లాటలు ఉన్నయ్. నేను పెడ్త, పైప్‌ఫెయిల్, మైనస్ యూ (పైప్ నడుమ పడిపోయినా, విలువ లేని వేరియబుల్ వచ్చినా పట్టేటివి) సుత పెడ్త, కాని దాన్ని నమ్ముకోను, ఇఫ్ లోపల, && కి ఎడమ దిక్కు పడిపోతే అది ఆగదు. ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ ముందు వేరియబుల్ ఉంటే మాత్రం దాని పేరు పక్కన :? పెట్టుండ్రి, ఖాళీ అయితే అక్కడనే ఆగుతది. 2015ల లైనక్స్ స్టీమ్ (గేములు ఆడే యాప్) స్క్రిప్ట్ ల వేరియబుల్ ఖాళీ వచ్చి, దాని తర్వాతి స్లాష్ స్టార్ మిగిలి, మనుషుల హోమ్ ఫోల్డర్లు పోయినయ్.

పైథాన్ కి ఎప్పుడు పోవాలె

గూగుల్ వాళ్ల షెల్ స్టైల్ గైడ్ ల వంద లైన్లు దాటితే వేరే భాషకు పో అని ఉంటది. నేను లైన్లు లెక్క పెట్టను. కోట్స్ ఉన్న సీఎస్‌వీ, పట్టికల ఇంకో పట్టిక, పైసల లెక్క, ఈ మూడింట్ల ఏ రెండు వచ్చినా పైథాన్. ఒక్క జేసాన్ చదువుడే అయితే జేక్యూ చాలు, దానికోసం పైథాన్ అక్కెర లేదు. ఫైళ్లు ఇటు నుంచి అటు, ఒక ప్రోగ్రాం ఔట్‌పుట్ ఇంకోదానికి, అయితే షెల్లే.

ఇప్పుడు మా దగ్గర ఫైళ్లు తెచ్చుడు, టీఆర్ కొట్టుడు, పాతవి తుడుసుడు, చిన్నాయినకు పంపుడు బాష్ ల, అరవై లైన్లు. తక్‌పట్టీ లెక్క పైథాన్ ల. తమ్ముడు మొన్న హుషారుకొచ్చి తెచ్చుడు, పంపుడు సుత పైథాన్ కి మార్చిండు, నూట నలభై లైన్లైంది, ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రాం) ని లోపల నుంచి పిలుసుకుంట. వండర్ హాట్ ఖాళీ మళ్ల అండ్ల తగిలింది, కమాండ్ ని లిస్ట్ గ ఇవ్వకుండ ఒకటే స్ట్రింగ్ (పొడుగు అక్షరాల వరుస) లెక్క రాసి షెల్ ట్రూ పెట్టిండు, అంటే మళ్ల షెల్ చేతికే ఇచ్చిండు, అది ఖాళీ కాడ నరికింది. నిన్న రాత్రి మళ్ల బాష్ కే తెచ్చినం.